ఆవిరి ఆగేదాకా: ఎల్లారెడ్డిలో పల్లీల వాఫుల్, జామపండు పాకం

మా ఇంట్లో ఒక వాఫుల్ మిషన్ ఉంది. ఏడాది కిందట ముచ్చటపడి కొన్నాను. దాంతో మూడుసార్లు చేశాను. మొదటిసారి అతుక్కుపోయింది, రెండోసారి తడిగుడ్డలా వచ్చింది, మూడోసారి వచ్చినదాంతో గోడకు మేకు కొట్టవచ్చని మా ఆయన అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను మిషన్‌ను తిట్టి అటకెక్కించాను. అలాంటిది ఈ దసరాకి మా పై అంతస్తులో ఉండే సరిత సొంతూరు కామారెడ్డికి వెళ్లొచ్చి ఒక స్టీలు డబ్బా చేతిలో పెట్టింది. అందులో నాలుగు పల్లీల వాఫుల్స్, చిన్న గిన్నెలో బెల్లంతో ఉడికించిన జామపండు. ముందు రోజు చేసినవి. పెనం మీద ఒక్క నిమిషం వెచ్చబెట్టి కొరికితే కరకరమన్నాయి, లోపల మాత్రం దూదిలా ఉన్నాయి. నేను నిలబడే నాలుగూ తినేశాను. ఎవరు చేశారని అడిగితే, ఎల్లారెడ్డిలో సుజాత అని ఒకామె, మస్కట్‌లో ఒకళ్లింట్లో ఐదేళ్లు వంట చేసి వచ్చిందట, కట్టెల పొయ్యి మీద చేస్తుందట అని చెప్పింది. కట్టెల పొయ్యి మీద వాఫులా! అప్పటికప్పుడే నంబర్ తీసుకుని ఫోన్ చేశాను. నేర్పమంటే ఆమె ఏ బేరమూ పెట్టలేదు. “శనివారం రా అక్కా, జెర జల్ది రా. సాయంత్రం నా బిడ్డ హాస్టల్‌కు పోతది. ఆమె ఉండంగనే చేద్దాం,” అంది. ఆ చివరి మాట నాకప్పుడు అర్థం కాలేదు.

సికింద్రాబాద్‌లో పొద్దున ఏడు గంటల ప్రాంతంలో రైలెక్కితే తొమ్మిదిన్నరకల్లా కామారెడ్డిలో దిగవచ్చు. మామూలు సీటుకు టికెట్ వంద లోపే. స్టేషన్ నుంచి బస్టాండుకు ఆటోలో ఐదు నిమిషాలు, ముప్పై రూపాయలు. కామారెడ్డి దాకా వచ్చి బెల్లం కొనకుండా వెళ్లడం నాకు తెలిసి పాపం, అందుకని ఒక కిలో ముద్ద సంచిలో వేసుకున్నాను. బస్టాండు బయట సీతాఫలాలు బుట్టల్లో పెట్టుకుని ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. వాటిని చూడగానే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. జామపండు బదులు సీతాఫలం ఉడికించి వాఫుల్ మీద పోస్తే? సుజాతకు నేనే ఒక పాఠం చెప్పినట్టు ఉంటుంది కదా అని బేరమాడి నూట యాభైకి ఒక బుట్ట కొన్నాను.

ఎల్లారెడ్డికి లింగంపేట మీదుగా బస్సులు తరచుగానే ఉన్నాయి. గంటంబావు ప్రయాణం. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే ఆర్టీసీ బస్సులో సున్నా టికెట్టే. కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. ఈ కాలంలో రోడ్డులో సగం బస్సుది, సగం మక్కలది. మైళ్ల కొద్దీ తారు మీద మొక్కజొన్న గింజలు పసుపు పచ్చగా ఆరబోసి ఉంటాయి. వాటి మీదికి చక్రం పోకుండా డ్రైవర్ బస్సును ఎంత ఒడుపుగా పక్కకు తీస్తాడంటే, నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. లింగంపేట దాటాక అక్కడక్కడ టేకు చెట్లు, మళ్లీ కోతకొచ్చిన వరి. నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను. పక్క సీటు పెద్దావిడ ఎన్నడూ పొలం చూడలేదా అన్నట్టు నన్ను చూసింది.

ఎల్లారెడ్డి బస్టాండులో ఆటో అబ్బాయికి సుజాత పేరు చెప్పగానే, గళ్ల రొట్టెల సుజాతక్కేనా అని అడిగాడు. ఊళ్లో వాఫుల్‌కు పెట్టుకున్న పేరు అది. నలభై రూపాయలు తీసుకున్నాడు, దారంతా కబుర్లు ఉచితం. వాళ్ల పాప పుట్టినరోజుకు కేకు మానేసి ఆ రొట్టెలే తెప్పించాడట. “దుకాణం పెడుతదని కొందరంటరు, మల్ల మస్కట్ పోతదని కొందరంటరు. ఏది నిజమో ఆమెకే ఎరుక లేదు మేడం,” అన్నాడు.

ఊరి చివర రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పందిరి, పందిరి కింద పొయ్యి. గోడకు గోడ ఆనుకుని ఆమె అక్క బాలమణి ఇల్లు, నన్ను చూసి ఆమె కూడా పందిరి కిందికి వచ్చింది. సుజాతకు ముప్పై ఎనిమిది ఉంటాయేమో, సన్నగా, చేతులు మాత్రం గట్టిగా ఉన్నాయి. లోపల మంచం కింద నా బ్యాగు పెట్టబోతే అక్కడ పెద్ద సూట్‌కేసు అడ్డం వచ్చింది, పిడికి విమానం వాళ్లు కట్టిన కాగితం ఇంకా వేలాడుతూనే ఉంది. నీళ్లు తెచ్చిచ్చిన పిల్ల పేరు అఖిల, తొమ్మిదో తరగతి, సుజాత కూతురు. సుజాత భర్త చనిపోయాక పిల్లను అక్క దగ్గర వదిలి మస్కట్ వెళ్లింది, అప్పటికి అఖిల నాలుగో తరగతి. ఈ ఐదేళ్లూ బాలమణే పెంచింది.

పల్లీలు వేయిస్తూ సుజాత తన గొడవ చెప్పింది. మస్కట్‌లో ప్రతి శుక్రవారం ఆ ఇంటి పిల్లలకు వాఫుల్స్ చేసేదట. ప్రతి శుక్రవారమూ ఫోటో తీసి కూతురికి పంపేదట, వచ్చినాక నీకూ చేస్తాను బిడ్డా అని. వచ్చి నాలుగు నెలలైంది. అఖిల రెండుసార్లు సెలవులకు వచ్చింది. ఒక్క ముక్క నోట పెట్టలేదు. అన్నం తింటుంది, కూర తింటుంది, ఇది మాత్రం వద్దంటుంది, అడిగితే పన్ను నొస్తుందంటుంది. ఇంకోపక్క ఆ పాత ఇంటివాళ్లే మళ్లీ రమ్మంటున్నారు. ఏజెంటు సోమవారం లోపు ఏదో ఒకటి చెప్పమన్నాడు. “ఊరి పిల్లలందరు తింటున్నరక్కా. నా బిడ్డ ఒక్కతే తింటలేదు. నా మీద కోపమేమో. ఇయ్యాల గిట్ల తినకపోతే, ఇగ నేనున్నా పోయినా ఒక్కటే ఆమెకు,” అంది, గరిటె ఆపకుండా. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఉండంగనే చేద్దాం అని ఎందుకన్నదో. నేను వంట నేర్చుకోవడానికి వచ్చాను, ఆమె మాత్రం ఆ రోజు పరీక్ష రాస్తున్నట్టుంది.

మాట మార్చడానికి నా సీతాఫలాల బుట్ట ముందుకు జరిపి నా ఆలోచన చెప్పాను. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సుజాత రెండు చెంచాల గుజ్జు తీసి గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టి, ఉడికాక చల్లార్చి నా నాలుక మీద పెట్టింది. చేదు! సీతాఫలం ఉడికితే చేదెక్కుతుందని ఈ ఊళ్లో అందరికీ తెలుసట, పట్నం నుంచి పాఠం చెప్పడానికి వచ్చిన నాకు తప్ప. మిగిలినవి పచ్చివే తిందామని బాలమణి లోపలికి తీసుకుపోయింది.

ఇక అసలు పాకం. బాలమణి పెరట్లోని జామకాయలు, చెట్టు మీదే పసుపు తిరిగినవి, ఎనిమిది. సగానికి కోసి గింజల గుజ్జు చెంచాతో తోడింది సుజాత. ఆ గుజ్జును పారేయదు, అరగ్లాసు నీళ్లలో ఉడికించి జల్లెడ మీద రుద్దితే గింజలు పైన మిగిలి చిక్కటి రసం కిందికి దిగుతుంది. ఆ రసంలోనే జామ ముక్కలు, గుప్పెడు బెల్లం, చిటికెడు సొంఠి వేసి సన్నటి సెగ మీద పావుగంట. దించాక సగం నిమ్మచెక్క. ముక్క చితికిపోకూడదు, చెంచా తగిలితే లొంగాలి, అంతే. రంగు మాత్రం నేను ఊహించనే లేదు, పారాణి కలిపిన తేనెలా దిగింది.

పిండికి రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు మక్కపిండి. కరకర అంతా ఆ మక్కపిండి వల్లేనట, మస్కట్‌లో లేని కిటుకు, ఇక్కడికొచ్చాక తనే పట్టుకుంది. వేయించి పొట్టు తీసి రోట్లో కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు ఒక గ్లాసు. మెత్తగా చేస్తే నూనె వదిలి పిండి బరువెక్కుతుంది, పప్పు పంటికి తెలియాలి. పాలు, కరిగించిన నెయ్యి, చిటికెడు ఉప్పు, కొద్దిగా సోడా, రెండు కోడిగుడ్ల పచ్చసొన. తెల్లసొనను విడిగా గిలకొట్టింది. కవ్వంతో! చల్ల చిలికే కవ్వాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పితే ఐదు నిమిషాల్లో గిన్నె నిండా నురగ. గిన్నె బోర్లించినా జారలేదు. కరెంటు బీటర్ పెట్టి కూడా నేను అంత నురగ తీయలేదు, సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

పెనం సంగతి చెప్పాలి. రెండు ఇనుప పలకలు, లోపల గళ్లు, మధ్యలో కీలు, మూరెడు పొడుగు పిడులు. ఆ ఇంటివాళ్లు కరెంటుది కొనుక్కుని ఇది పారేయబోతే అడిగి తెచ్చుకుందట. దీని బరువు కోసం రెండు చీరలు అక్కడే వదిలేసి వచ్చింది. నిప్పుల మీద రెండు వైపులా కాల్చి, నూనెలో ముంచిన ఉల్లిగడ్డ చెక్కతో గళ్లన్నీ రుద్ది, గరిటెడు పిండి పోసి మూసింది. సుయ్యిమని అంచుల నుంచి ఆవిరి. ఒకసారి తిప్పింది. గడియారం లేదు, లెక్క లేదు. నాతో మాట్లాడుతూనే ఉంది, ఒక చెవి మాత్రం అటే. “పెనం సప్పుడు ఇనాలె అక్కా. ఆవిరి వస్తున్నంతసేపు లోపల పని అయితున్నట్టు. ఆగినంక తియ్యాలె. నడుమల తెరిస్తే రెండు పలకలకు చెరో సగం అంటుకుంటది,” అంది. సప్పుడు సన్నబడింది, ఆగింది. తెరిచింది. బంగారు రంగులో, ఒక్క గడి చెదరకుండా, పల్లీ వాసనతో వాఫుల్ తనంతట తనే పళ్లెంలోకి జారింది. నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. నేను చేసిన మూడింట్లోనూ ఐదైదుసార్లు మూత తీసి చూసి ఉంటాను.

సుజాత దాని మీద జామ పాకం పోసి, నాకు కాకుండా, కూతురి వైపు చాపింది. అఖిల గడప మీద కూర్చుని, పొయ్యి నిప్పుల మీద కాల్చుకున్న మక్క కంకి తింటోంది. “వద్దమ్మా, పన్ను నొస్తుంది,” అంది మెల్లగా. సుజాత చేయి అలాగే ఉండిపోయింది. నా నోరు ఊరుకోదు కదా. పన్ను నొప్పి అయితే ఆ ముదురు కంకి ఎలా కొరుకుతున్నావమ్మా అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. బాలమణి అందుకుని, తానూ అదే అనుకున్నానని, కిందటేడు కామారెడ్డి తీసుకుపోయి చూపిస్తే డాక్టర్ పళ్లన్నీ బాగున్నాయన్నాడని, ఉగాదికి బచ్చాలు, అదే మన బొబ్బట్లు, పుట్టినరోజుకు పాయసం కూడా ముట్టకపోతే పిల్లకు తీపి పడదేమో అనుకున్నానని చెప్పింది. ఐదేళ్లుగానట.

సరిగ్గా అప్పుడే సుజాత ఫోన్ మోగింది. ఏజెంటు. ఆమె దాన్ని బోర్లా పెట్టి, చేతులకు పని కావాలన్నట్టు పెనంలో ఇంకో గరిటె పిండి పోసి మూసింది. అఖిల కంకి పక్కన పెట్టి లేచింది. “నువ్వు పోయిన తెల్లారి హన్మాండ్ల గుడిల మొక్కుకున్న. మా అమ్మ మల్ల పోకుండ ఇంటికొచ్చేదాక తీపి ముట్టనని,” అంది. “నువ్వు వచ్చినవు. గని ఉంటనని చెప్పలె. పెట్టె ఇంక మంచం కిందనే ఉన్నది.” నాకొక్క మాట చెప్పొద్దా బిడ్డా అని సుజాత అడిగింది. “చెప్తే నాకు తినిపియ్యనీకె పోనంటవు. గట్లంటే లెక్కకు రాదు,” అంది పిల్ల.

పద్నాలుగేళ్ల పిల్ల. నేను డైటింగ్ అని చెప్పి మూడు రోజులు చక్కెర మానలేను. ఐదేళ్లు, ఎవరికీ చెప్పకుండా, ప్రతి శుక్రవారం ఆ ఫోటోలు చూస్తూ. నేను ఆ పందిరి కింద కూర్చుని ఆ పిల్లను చూడడానికే భయపడ్డాను, అంత పెద్దగా కనిపించింది నాకు.

మాడు వాసన వచ్చేదాకా ఎవరికీ పెనం గుర్తు రాలేదు. సుజాత దాన్ని దించి, మసిబారిన వాఫుల్‌ను బూడిదలో పడేసి, లోపలికి వెళ్లింది. సూట్‌కేసును మంచం కింద నుంచి ఈడ్చి, అందులో ఉన్నవన్నీ మంచం మీద కుమ్మరించి, ఖాళీ పెట్టె తెచ్చి బాలమణి ముందు పెట్టింది, నీ చీరెలు పెట్టుకో అక్కా అని. తర్వాత ఫోన్ తీసి ఏజెంటుకు తనే చేసింది. “నేను వస్తలేనన్నా. వేరేటోళ్లను చూసుకో,” అని పెట్టేసింది. కూతురి ముందు కూర్చుంది. “ఇయ్యాల నీకు తినిపియ్యనీకె చెప్తలేను. పోవాల్నని నాకెన్నడు లేకుండె బిడ్డా. ఉండనీకే భయమైంది. ఈ రొట్టెలు నడుస్తయో లేవో అని. నడవకపోతే కూలి కైకిలికి పోత, గని నిన్ను ఇడిసిపెట్టి పోను.” అఖిల ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది, బజారులో బంగారం గీటు పెట్టి చూసినట్టు. తర్వాత తల ఊపింది.

అయిపోయింది, ఇక తింటుంది అనుకుని నేను పళ్లెం ముందుకు జరిపాను. పిల్ల మళ్లీ వెనక్కి జరిపింది. దేవుడి దగ్గర పెట్టి కొబ్బరికాయ కొట్టాక గానీ మొక్కు తీరదట. ఇందులో కోడిగుడ్డు వేశారు, గుడికి ఎలా తీసుకుపోతామని తన ప్రశ్న. పైగా శనివారం, ఆంజనేయుడి వారం కూడాను. సుజాతకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి.

గుడ్డు లేకుండా ఆమె ఎన్నడూ చేయలేదు. గిన్నెలు కడిగి మళ్లీ మొదలుపెట్టింది. గుడ్డు బదులు పుల్లటి గడ్డ పెరుగు, సోడా కొంచెం ఎక్కువ, నెయ్యి ఇంకో రెండు చెంచాలు, పిండి కాస్త గట్టిగా. పెనాన్ని ఇటుక పొడితో తోమి మళ్లీ కాల్చింది. నైవేద్యానికి ఉల్లిగడ్డ పనికిరాదని వంకాయ ముచ్చికను నూనెలో ముంచి రుద్దింది. పిండి పోసింది. ఆవిరి వస్తూనే ఉంది. ఈసారి ఆమె చూపు కూతురి మీద, చెవి ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. ఆవిరి ఆగకముందే తెరిచేసింది. పైన సగం, కింద సగం. నాకు ఇందాక అంత గట్టిగా చెప్పిన మనిషే! నవ్వు ఆపుకోలేక నేను అటు తిరిగాను. బాలమణి ఆపుకోలేదు.

రెండోసారి పోసినప్పుడు అఖిల వచ్చి తల్లి పక్కన కూర్చుని పెనం పిడి మీద తనూ చేయి వేసింది. నలుగురం నోరు మూసుకుని ఆ సుయ్యిమనే సప్పుడు విన్నాం. గుడ్డు లేనిదానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగింది. అప్పుడు కూడా సుజాత తెరవలేదు. పిల్లే తెరిచింది. వచ్చింది. కొంచెం లేతగా, గళ్లు కాస్త లోతు తక్కువగా, కానీ మొత్తంగా ఒక్కటిగా వచ్చింది. మోదుగాకు విస్తరి మీద పెట్టి, పైన జామ పాకం పోసి, ఎండలో నలుగురం గుడికి నడిచాం. పూజారి ఆ గళ్ల రొట్టెను కాసేపు అటూ ఇటూ చూసి దేవుడి ముందు పెట్టాడు. కొబ్బరికాయ అఖిలే కొట్టింది.

గుడి మెట్ల మీద కూర్చుని తిన్నది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఐదేళ్ల తర్వాత తీపి నాలుకకు తగిలితే ఎలా ఉంటుందో నేను ఊహించలేను. సుజాత చీర కొంగు మెలిపెడుతూ నిలబడింది. పిల్ల సగం తిన్నాక తలెత్తి, “ఫోటోలల్ల గింతకన్న పెద్దగ కనవడుతుండె,” అంది. అప్పుడు కూలబడింది సుజాత, ఆ మెట్ల మీదే, కూతురి భుజం మీద తల పెట్టి.

సాయంత్రం నాలుగు గంటల బస్సుకు అఖిల హాస్టల్‌కు బయలుదేరింది, సంచిలో స్నేహితులకని ఒక డబ్బా నిండా వాఫుల్స్. అదే బస్సులో నేనూ కామారెడ్డి దాకా వచ్చాను. ఆరు తర్వాత సికింద్రాబాద్‌కు రైళ్లు, బస్సులు రెండూ దొరుకుతాయి. మీరు వెళ్లాలనుకుంటే అక్టోబరు మంచి నెల, జామ పండి ఉంటుంది, మక్కలు రోడ్డెక్కి ఉంటాయి. రానూపోనూ ఖర్చు మొత్తం కలిపి నాలుగు వందలు దాటదు. అంత చవకగా అంత పెద్దదాన్ని చూసి రావడం నాకు ఇంకోసారి జరుగుతుందనుకోను. నేనిప్పటిదాకా ఊళ్లు తిరిగి కొండలు చూశాను, కోటలు చూశాను. ఎల్లారెడ్డిలో గడప మీద మక్క కంకి తింటున్న పిల్లను చూసినంత ఆశ్చర్యంగా దేన్నీ చూడలేదు. ఇంటికొచ్చి అటక మీది మిషన్ దించాను. నాలుగోసారి సరిగ్గా వచ్చింది, మా ఆయన మేకుల ఊసెత్తలేదు.

మీకు ఒకే ఒక్క సలహా. పెనం ఏదైనా, పిండి ఏదైనా, ఆవిరి పూర్తిగా ఆగేదాకా మూత తెరవకండి. మహా అయితే ఐదు నిమిషాలు. ఆ పిల్ల ఐదేళ్లు ఆగింది.